పాఠాల వెనక చిటపట

సంయుక్త ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున పోయింది. ఆమె భర్త సుమంత్ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో మామూలు రోజే నడుస్తోంది. ఇంటి కింద బేకరీలో జనం వరసలో నిలబడి ఉన్నారు. ట్రామ్ గంట కొట్టుకుంటూ మలుపు తిరిగింది. పైన ఇంట్లో చిన్న గది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద ఆమె మైకు, పక్కన సగం నీళ్ళున్న గ్లాసు, అటొకటి ఇటొకటి రెండు స్పీకర్లు. వాటి మీద చిన్న పచ్చ లైట్లు వెలుగుతున్నాయి. ఆస్పత్రికి బయల్దేరిన హడావిడిలో ఎవరూ ఆర్పలేదు. సుమంత్ స్విచ్చు తీశాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. బడికి ఫోన్ చేసి రేపు రాలేనని చెప్పాడు. ఎన్ని రోజులని అవతలివాళ్ళు మర్యాదగానే అడిగారు. 

సుమంత్ అక్కడి బడిలో భౌతికశాస్త్రం చెబుతాడు. తెనాలి నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మనిషి, కొన్నేళ్ళు కంప్యూటర్ల ఉద్యోగం చేసి, సైన్సు టీచర్లు దొరకడం లేదని తెలిసి మళ్ళీ పరీక్షలు రాసి పంతులయ్యాడు. సంయుక్తది జనగామ. వాళ్ళ నాన్నకు మైక్ సెట్ దుకాణం ఉండేది. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ హారన్లు, యాంప్లిఫయర్లు అద్దెకిచ్చేవాడు. సంయుక్త పుట్టడమే వైర్ల మధ్య పుట్టానని చెప్పుకునేది. ఇక్కడ ఆఫీసులో ఏ ఉద్యోగం చేసినా, ఇంట్లో ఆ చిన్న గదిని మాత్రం తన దుకాణం అనేది.

ఆ దుకాణంలో ఆమె చేసిన సరుకు పాఠాలు. శనివారాలు ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని గిరిజ తెలుగు తరగతి నడుపుతుంది. అక్కడికి వచ్చే పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు గానీ జవాబు జర్మన్‌లో చెబుతారు. వాళ్ళు ఇంట్లో వినడానికని సంయుక్త చిన్న చిన్న కథలు రాసి, తనే చదివి రికార్డు చేసింది. రికార్డు చెయ్యడం వరకూ అయింది. వాటిని శుభ్రం చేసి, పిల్లలకు పంపే పని మిగిలిపోయింది.

ఆ పని గురించి ఐదు నెలలు ఎవరూ మాట్లాడలేదు. వేసవి సెలవులు మొదలవగానే గిరిజ ఫోన్ చేసింది. ఆమెది కరీంనగర్. మాటకు మొహమాటం లేని మనిషి.

"ఏం సార్, మంత్రిగారిని కలిసే టెర్మిన్ అన్నా దొరుకుతది గానీ మీది దొరుకుతలేదు. ఎన్నిసార్లు చేసిన?"

"పరీక్ష పేపర్లు దిద్దుతున్నానండీ."

"పేపర్లు పోయిన నెలనే అయిపోయినయని మీ బిడ్డ ఈషానే చెప్పింది."

 గిరిజ గొంతు కొంచెం తగ్గించింది.

"సార్, నేనేం తొందరపెడుతలేను. సెలవులైనంక క్లాసు మొదలైతది. పోయిన ఏడు పిల్లలకు అక్క మాటిచ్చింది, మీకు కథలిస్తా అని. వాళ్ళు అడుగుతున్నరు. అక్కది కాకుంటే వేరేవాళ్ళతోని చదివించొచ్చు. చదివించాల్నా, వద్దా? ఒక్క ముక్క చెప్పండి చాలు."

"వద్దండీ. ఉన్నాయి. పంపిస్తాను," అన్నాడు సుమంత్. అన్న తర్వాత, ఆ పాఠాలు తాను ఒక్కటీ వినలేదని గుర్తొచ్చింది.

మర్నాడు అతనూ ఈషా ఆ గదిలోకి వెళ్ళారు. ఈషాకు పదిహేనేళ్ళు. కంప్యూటర్ ముందు తల్లి కుర్చీలో తనే కూర్చుంది. సుమంత్ పక్కన స్టూలు వేసుకున్నాడు. ఈషా మొదటి పాఠం తెరిచి మోగించింది. గొంతు ఎక్కడో దూరంగా, గోడ అవతల మాట్లాడుతున్నట్టు వినిపించింది. సంయుక్త మైకుకు ఎడంగా కూర్చుని మెల్లగా చదివే మనిషి. ఈషా చెయ్యి చాపి రెండు స్పీకర్ల మీదా నాబ్‌లు పెద్దగా తిప్పింది.

గొంతు దగ్గరకు వచ్చింది. దానితోపాటు చిటపట వచ్చింది. కాగిన నూనెలో తడి ఆవాలు పడ్డట్టు, మాటకు మాటకూ మధ్య, మాట మీద, రెండు స్పీకర్లలోనూ. సుమంత్ మౌస్ లాక్కుని ఆపేశాడు.

"ఏమైంది?" అంది ఈషా.

"వైరేదో వదులైనట్టుంది. నేను చూస్తాను. నువ్వు వీటిని ముట్టుకోకు."

"ఇంకోసారి పెడతాను..."

"వద్దు. ముందు నేను చూస్తాను."

ఆ రోజు మధ్యాహ్నం అతను కంప్యూటర్‌లో రేడియో పెట్టాడు. మామూలు వార్తలు, మామూలు పాటలు. రేడియో ఇంకేమీ వినపడనంతగా, చెవులు పగిలేలా మోగేసరికి, వంటింట్లోంచి ఈషా పరుగున వచ్చి నాబ్‌లు ఎప్పుడూ ఉండే చోటికి తగ్గించి పోయింది. చిటపట లేదు. వార్తలు చదివే ఆయన గొంతు అద్దంలా ఉంది. గంటసేపు విన్నాడు. ఒక్కసారి కూడా చిటపటమనలేదు.

అప్పుడు సుమంత్‌కు భయం పట్టుకుంది. స్పీకర్లు బాగానే ఉన్నాయి. రేడియో బాగానే ఉంది. సంయుక్త పాఠాలు మాత్రమే బాగాలేవు. అంటే లోపం స్పీకర్లలో కాదు, రికార్డింగులోనే ఉంది. మైకు వైరు తేడాగా ఉండి, ఆమె చదువుతున్నప్పుడే ఆ శబ్దం లోపల పడిపోయి ఉండాలి. అలా పడిందంటే ఎంత శుభ్రం చేసినా పూర్తిగా పోదు. మళ్ళీ చదివించడానికి మనిషి లేదు.

దీన్ని తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక పాఠం వింటే సరి. అందులోనూ చిటపట ఉంటే రికార్డింగ్ పోయినట్టే, లేకపోతే స్పీకర్లే. బడిలో అయితే పిల్లలకు ముందు ఆ పరీక్షే చెయ్యమని చెప్పేవాడు. హెడ్‌ఫోన్లు బల్ల సొరుగులోనే ఉన్నాయి. సొరుగు తెరవలేదు. తేలకుండా ఉన్నంతకాలం అది రెండు రకాలుగానూ ఉండొచ్చు.

అందుకని మిగతావన్నీ చూడడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ నుంచి స్పీకర్లకు పోయే వైర్లు విప్పి, అటుది ఇటూ ఇటుది అటూ మార్చాడు. కొత్త వైర్లు కొని తెచ్చాడు. మొబైల్ ఫోన్లు వంటింట్లో పెట్టించాడు. ఫ్రిజ్ ఆపేసి చూశాడు. మళ్ళీ పెట్టడం మర్చిపోతే పెరుగు పులిసింది. ప్రతి మార్పు తర్వాతా పాఠం పెట్టి, నాబ్‌లు పెంచి, చిటపట వినగానే ఆపేసేవాడు. ఆ కాస్తలో ఆమె గొంతు ఒక మాటో రెండు మాటలో వినిపించేది. ఆ మాటలేమిటో అతను పట్టించుకోలేదు. చిటపటనే విన్నాడు.

"నాన్నా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే..." అంది ఈషా ఒకరోజు, అన్నం తింటూ.

"అది చివర్లో చూద్దాం. ముందు కరెంటు సంగతి చూడాలి."

కరెంటు సంగతి నిజంగానే చూడాల్సిందే. స్పీకర్లకు కరెంటు ఇచ్చే బోర్డు సంయుక్త జనగామ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నది. తెల్లటి పొడవాటి బోర్డు, ఒక్కో ప్లగ్గుకు ఒక్కో స్విచ్చు, చివర ఎర్ర లైటు. ఇక్కడి బోర్డులకు విడివిడిగా స్విచ్చులుండవని ఆమెకు చులకన. దాన్ని ఇక్కడి గోడకు తగిలించాలంటే మధ్యలో ఒక అడాప్టర్ పెట్టాలి. ఆ అడాప్టర్‌కు రెండే కాళ్ళు. మూడో కాలు, అంటే ఎర్త్, గాల్లోనే ఆగిపోతుంది. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇలాంటి బోర్డు లేని ఇల్లు ఆ ఊళ్ళో తక్కువ. మిక్సీ కోసమో, ఇడ్లీ పిండి గ్రైండర్ కోసమో అందరూ తెచ్చుకున్నవాళ్ళే. సైన్సు పంతులు ఇంట్లో అది అన్నేళ్ళు ఎలా ఉందని సుమంత్ తనలో తానే అనుకుని, దాన్ని విప్పి పక్కన పెట్టి, ఇక్కడి బోర్డు తెచ్చి తగిలించాడు.

ఆ సమయానికే గిరిజ వచ్చింది. చేతిలో పులిహోర డబ్బా. గది గుమ్మంలో నిలబడి చూసింది. నేల నిండా వైర్లు, మధ్యలో సుమంత్, చేతిలో స్క్రూడ్రైవర్.

"ఇది ఇల్లా, మైక్ సెట్ దుకాణమా సార్? ఎవరిదన్నా పెండ్లా?"

"ఎర్త్ లేదండీ ఇన్నాళ్ళూ. మీ ఇంట్లో కూడా చూసుకోండి, ప్రమాదం."

"మా ఇంట్ల ఎర్త్ మా ఆయన. ఏమన్నా ఆయన మీదికే పోతది." గిరిజ డబ్బా ఈషా చేతికిచ్చింది. "మరి ఇప్పుడు మంచిగైందా?"

సుమంత్ స్విచ్చు వేశాడు. ఇదివరకు స్పీకర్లలో సన్నగా ఒక గుంయ్‌మనే మోత ఉండేది. అది పోయింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అతని మొహం విప్పారింది. పాఠం పెట్టి, నాబ్‌లు తిప్పాడు. చిటపట అలాగే ఉంది.

ఆపేసి, స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. గిరిజ అతని మొహం చూసి, ఇక పాఠాల ఊసెత్తలేదు. పులిహోరలో పల్లీలు ఎక్కువయ్యాయనీ, ఇవ్వాళ తినకపోతే పనికిరాదనీ చెప్పి, వెళ్ళేటప్పుడు ఈషా తల నిమిరి పోయింది.

ఆదివారం పొద్దున, టిఫిన్ అయ్యాక, సుమంత్ కూతుర్ని ముందు గదిలో కూర్చోబెట్టాడు. బడిలో పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు చేతులు ఎలా పెట్టుకుంటాడో అలా పెట్టుకున్నాడు.

"ఈషా, నీకొకటి చెప్పాలి. అన్నీ చూశాను. వైర్లు, కరెంటు, స్పీకర్లు. ఏ తప్పూ లేదు. అమ్మ రికార్డింగులే పాడైనట్టున్నాయి."

ఈషా అతని వంక వింతగా చూసింది. "నైన్," అంది, కాదని జర్మన్‌లో. వెంటనే తెలుగులోకి వచ్చింది. "లేదు నాన్నా. అవి బాగానే ఉన్నాయి."

"నువ్వు విన్నావుగా, చిటపట."

"స్పీకర్లో విన్నా. నా ఫోన్లో చిటపట లేదు."

"నీ ఫోన్లోనా?"

"అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కాపీ చేసుకున్నా. అమ్మకి చెప్పే చేసుకున్నా. బడికి పోతూ ట్రామ్‌లో వింటా."

సుమంత్ చేతులు విడదీశాడు. "రోజూనా?"

"రోజూ కాదు. మ్యాథ్స్ పరీక్ష ఉన్న రోజు వినను."

"ఎందుకని?"

"తెలుగులో ఆలోచిస్తే లెక్కలు రావు నాకు." ఈషా నవ్వబోయి ఆగింది. "అమ్మ గొంతు బాగానే ఉంది నాన్నా. అన్నిట్లో బాగానే ఉంది. మధ్యలో నన్ను తిట్టింది కూడా ఉంది."

"మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎలా చెప్పను? నేను హెడ్‌ఫోన్స్ అనగానే నువ్వు వైరు మారుస్తావు."

సుమంత్ కిటికీ వైపు తిరిగాడు. కిందింటి ముసలాయన గడ్డి దగ్గర నిలబడి, ఇక్కడ ఆదివారం గడ్డి మిషన్‌తో చప్పుడు చెయ్యకూడదు కాబట్టి, కత్తెరతో అంచులు కత్తిరిస్తున్నాడు. సుమంత్ ఆయన్ని చాలాసేపు చూశాడు.  తర్వాత అతను లేచి, మొహం కడుక్కుని వచ్చాడు.

"సరే. అయితే స్పీకర్లే," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "అలాంటప్పుడు రేడియో ఎందుకు బాగా వచ్చింది?"

ఈసారి ఇద్దరూ కలిసి చిన్న గదిలోకి వెళ్ళారు. సుమంత్ నాబ్‌లు ఎప్పుడూ ఉండే చోటికి తగ్గించి రేడియో పెట్టాడు. బాగానే ఉంది. పాఠం పెట్టాడు. చిన్నగా వినిపించింది, చిటపట లేదు. ఈషా అలవాటుగా నాబ్ మీద చెయ్యి వేసింది.

"ఆగు," అన్నాడు సుమంత్.

ఏటా తొమ్మిదో తరగతి మొదటి వారం పిల్లలకు అతను చెప్పే మాట ఒకటుంది. ఏది దేనివల్ల జరుగుతోందో తెలుసుకోవాలంటే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏమీ తెలియదు. అతను ఇన్నాళ్ళూ రెండు మార్చాడు. రేడియో పెట్టినప్పుడు నాబ్ సగం దగ్గర ఉంది. పాఠం పెట్టినప్పుడు నాబ్ పైదాకా తిరిగింది. రేడియోకూ పాఠానికీ తేడా అనుకున్నది, నిజానికి నాబ్ సగంలో ఉండడానికీ పైదాకా తిరగడానికీ తేడా.

"రేడియో పెట్టు. కంప్యూటర్లో సౌండ్ బాగా తగ్గించు. ఇప్పుడు తిప్పు, మెల్లగా."

ఈషా తిప్పింది. సగం దాటగానే వార్తలు చదివే ఆయన గొంతు కూడా ఆవాలు వేగినట్టు చిటపటలాడింది. ఆయన ఏదో వాతావరణం గురించి చెబుతున్నాడు. ఈషా పకపకా నవ్వింది. సుమంత్ కూడా నవ్వాడు. ఫిబ్రవరి తర్వాత ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

"అమ్మ ఎప్పుడూ దీన్ని సగం దాటించేది కాదు. చేసే పనంతా హెడ్‌ఫోన్లలో చేసుకునేది. ఇక్కడిదాకా తిరిగినట్టే లేదు ఇది. లోపల దుమ్ము పట్టి ఉంటుంది," అన్నాడు.

స్పీకర్ స్విచ్చు ఆపి, ప్లగ్గు కూడా పీకి, నాబ్ పట్టుకుని లాగాడు. పైన టోపీ లాంటి ముక్క ఊడి వచ్చింది. ఈషా లోపల వేలు పెట్టి చూసి, గబుక్కున తీసింది. వేలికి ఎర్రగా అంటుకుంది.

"రక్తం! కోసుకుందా?" అంది ఈషా.

సుమంత్ ఆ వేలు పట్టుకుని వెలుతురులో చూశాడు. తన బొటనవేలితో రుద్దాడు. పొడిపొడిగా రాలింది. అడుగున కొంచెం పసుపు.

"రక్తం కాదు. కుంకుమ."

ఈషాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత "దసరా," అంది.

దసరా నాడు సంయుక్త పొద్దున్నే తలంటుకుని, మొదట ఆ చిన్న గదిలోకే పోయేది. వాళ్ళ నాన్న దుకాణంలో ఆయుధ పూజంటే యాంప్లిఫయర్లకూ హారన్లకూ వరసగా బొట్లు పెట్టడమే. బొట్టు పెట్టందే ఆ రోజు ఒక్క వైరు కూడా ముట్టుకునేవాళ్ళు కాదట. ఇక్కడ ఆమె కంప్యూటర్‌కు పెట్టేది, మైకు స్టాండుకు పెట్టేది, కుక్కర్‌కు పెట్టేది, ఈషా సైకిల్‌కు పెట్టేది. స్పీకర్లకు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఒకసారి ఇద్దరికీ చిన్న వాదన కూడా జరిగింది. పైన పెట్టమని సుమంత్ అన్నాడు. "పైన చెక్క ఏం పనిచేస్తది? పనిచేసేది తిప్పే చోటు. పూజ దానికి చెయ్యాలె," అని ఆమె నాబ్ మీదే పెట్టింది. తడి పసుపు, దాని మీద కుంకుమ. సాయంత్రం గుడ్డతో పైపైన తుడిచేది. తుడిచిన దాంట్లో కొంత, నాబ్‌కూ స్పీకర్‌కూ మధ్య సందులోంచి లోపలికి దిగుతూ వచ్చింది, ఏటికేడు. వాళ్ళ నాన్న యాంప్లిఫయర్ల నాబ్‌లు ఎంతుండేవో, వాటి లోపల ఏం జరిగేదో మరి.

"మీ అమ్మ భక్తి లోపలిదాకా పోయింది," అన్నాడు సుమంత్.

"దీన్ని తీసేస్తే తప్పా?"

"తప్పేముంది? పనిచెయ్యాలనే కదా పెట్టింది."

"అమ్మ పెట్టింది కదా."

 సుమంత్ ఊడిన ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "వచ్చే దసరాకి నువ్వు పెట్టు. కానీ పైన పెట్టు, చెక్క మీద," అన్నాడు.

"అమ్మ ఒప్పుకోదు."

"ఒప్పుకోదు," అన్నాడు సుమంత్. "అయినా పైనే పెట్టు."

ఆదివారం కాబట్టి కొట్లన్నీ మూసి ఉన్నాయి. సోమవారం ఇద్దరూ బస్సెక్కి ఊరి చివర పెద్ద హార్డ్‌వేర్ కొట్టు, బౌమార్క్ట్‌కు వెళ్ళారు. పలకలూ రంగులూ మేకులూ దాటి, కరెంటు సామాన్ల వరసలో, స్విచ్చుల లోపల శుభ్రం చెయ్యడానికి కొట్టే స్ప్రే డబ్బా దొరికింది. ఈషా దాని మీద రాసి ఉన్న జర్మన్ అంతా చదివి, కిటికీ తెరవాలని రాశారనీ, కరెంటు ఉండగా కొట్టకూడదనీ తండ్రికి పాఠం చెప్పింది. సుమంత్ బుద్ధిగా తల ఊపాడు.

ఇంటికొచ్చి కిటికీ తెరిచారు. ప్లగ్గులు తీసే ఉన్నాయి. సుమంత్ ముందు చిన్న బ్రష్షుతో రాలేదంతా రాల్చాడు. పాత నూలు గుడ్డ కింద పట్టి, సన్న గొట్టంతో లోపలికి కొంచెం స్ప్రే కొట్టాడు. "ఇప్పుడు తిప్పు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఆపకుండా," అన్నాడు. ఈషా తిప్పుతూ ఉంది. నాబ్ సందులోంచి ఎర్రటి ద్రవం ఒక చార కట్టి దిగింది. సుమంత్ తుడిచాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తిప్పారు. చార లేత గులాబీ రంగయింది, తర్వాత ఏ రంగూ లేకుండా వచ్చింది. రెండోదానికీ అంతే చేశారు. ఆ గుడ్డను ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. చెత్తలో వెయ్యలేదు. ఉతికి ఆరేశారు. మరక పూర్తిగా పోలేదు గానీ గుడ్డ పనికొస్తుంది.

మధ్యాహ్నందాకా ఆరనిచ్చి, ప్లగ్గులు పెట్టి, స్విచ్చు వేశారు. ఈషా మొదటి పాఠం మోగించింది. నాబ్‌లు పైదాకా తిప్పింది.

"పిల్లలూ, బాగున్నారా?" అంది సంయుక్త. "ఈరోజు ఒక పిల్లి కథ చెప్తా. ఇది మంచి పిల్లి కాదు. ముందే చెప్తున్నా."

చిటపట లేదు. గొంతు తప్ప ఇంకేమీ లేదు. సుమంత్ స్టూలు మీద వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. పిల్లి ఎవరింట్లోనో పాలు తాగి, ఎవరి మీదో తోసి, చివరికి మూతికున్న మీగడతో దొరికిపోయింది. మధ్యలో కాగితం తిప్పిన చప్పుడు. మధ్యలో, "ఈషా, కుక్కర్ కట్టెయ్! ఎన్ని కూతలు కూసిందే!" మళ్ళీ పిల్లి. ఈషా తండ్రి వైపు చూడకుండా తెర వైపే చూస్తూ, తల్లితోపాటు పెదవులు కదిపింది. ఆమెకు కథంతా నోటికి వచ్చు. పాఠం అయ్యాక సుమంత్, "ఇంకోసారి పెట్టు," అన్నాడు.

ఆ వారం నుంచి పని సాగింది. ఈషా కత్తిరించడం, సుమంత్ వినడం. తగవు కుక్కర్ దగ్గరే వచ్చింది.

"ఇది తీసెయ్యాలి," అంది ఈషా.

"ఉండనీ. బాగుంది."

"నాన్నా, నా పేరుంది అందులో. క్లాసులో అందరూ నన్ను కుక్కర్ అంటారు."

"వాళ్ళకి కుక్కరంటే తెలియద్దూ. మంచిదేగా, ఒక తెలుగు మాట..."

"అది ఇంగ్లిష్ మాట!"

చివరికి ఒప్పందం కుదిరింది. ప్రతి పాఠానికీ రెండు కాపీలు. తరగతికి కత్తిరించింది, ఇంటికి ఉన్నది ఉన్నట్టు. సుమంత్ ఇంటి కాపీలన్నీ మూడు చోట్ల దాచాడు. పిల్లలకు మొదటి పాఠాలు సెలవులు పూర్తయ్యే ముందే పంపించారు.

తరగతి మొదలైన శనివారం గిరిజ ఫోన్ చేసింది. సుమంత్ మొదటి గంటకే ఎత్తాడు.

"వామ్మో, ఎత్తిండ్రే! సార్, పిల్లల సంగతి వినండి. పెద్ద స్పీకర్ల పెట్టిన. అక్క 'అర్థమైందా?' అనంగనే అందరు ఒక్కసారి 'యా!' అన్నరు. తెలుగుల చెప్పుండ్రిరా అంటే, ఒకడేమన్నడో తెలుసా? 'ఆంటీకి జర్మన్ వచ్చు కదా, తెలుగుల ఎందుకు?' అన్నడు."

"మీరేమన్నారు?"

"ఏమంట? పిల్లి కథ మళ్ళొకసారి పెట్టిన." తర్వాత అంది, "గొంతు మస్తు సాఫ్‌గున్నది సార్. పక్కన కూసోని చెప్పినట్టే ఉన్నది. మిగతయి ఎప్పుడిస్తరు?"

"వస్తాయి. ఒక్కొక్కటే వస్తాయి," అన్నాడు సుమంత్.

ఒక్కొక్కటే వెళ్ళాయి కూడా. సుమంత్ బడి మళ్ళీ మొదలైంది. సాయంత్రాలు ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, చిన్న గదిలో స్టూలు మీద కూర్చోవడం అతనికి అలవాటైంది. ఆ అలవాటు బాగుంది. ఈషాకు ఈత తరగతులున్న రోజుల్లో తనే కంప్యూటర్ కుర్చీలో కూర్చుని, నేర్చుకున్నంత మేరకు తనే కత్తిరించేవాడు. ఊపిరి పీల్చిన చప్పుళ్ళు తియ్యడంలో చెయ్యి తిరిగింది. ఈషా వచ్చి విని, "గూట్, హెర్ లేరర్," అని, అంటే బాగుంది పంతులుగారూ అని, పాతకాలం బడిపిల్లల్లా పిలిచి ఏడిపించేది.

ఆరో పాఠం కూడా అలాగే, ఈషా లేనప్పుడు, తనే తెరిచాడు. అది జనవరిలో చదివింది. వాన కథ. కప్ప గొడుగు కింద దూరే చోట ఆమె దగ్గింది. ఆగి, "మళ్ళీ చదువుతా," అని తనకు తానే చెప్పుకుని, మళ్ళీ చదివి, మళ్ళీ దగ్గింది. అప్పుడు అందరూ అది జలుబనుకున్నారు. సుమంత్ దగ్గు మొదలయ్యే చోట ఒక గుర్తు, అయ్యే చోట ఒక గుర్తు పెట్టాడు. ఇంటి కాపీ వేరేగా భద్రంగా ఉందని తెలుసు. తీసేస్తే పోయేదేమీ లేదు. కాసేపు ఆ రెండు గుర్తులకేసి చూసి, రెండూ చెరిపేసి, ఏడో పాఠం తెరిచాడు.

ఏడోదీ, ఆ తర్వాతవీ అన్నీ తయారై తరగతికి వెళ్ళాయి. మధ్యలో ఆరోది ఏమైందని గిరిజ అడిగితే, పని మీద ఉన్నానని చెప్పాడు. అది అబద్ధం కాదు. ఆరో పాఠం రోజూ ఒకసారి తెరుస్తూనే ఉన్నాడు. అందులో దగ్గులు ఇంకా తియ్యలేదు.